ఫొటోల్లోంచి ట్యాగులు తీసే పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మాకు ఫొటో స్టూడియో ఉంది. మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి రాగానే స్టూడియో సిస్టమ్ ముందు కూర్చుని నల్ల తెర మీద ఏవో కమాండ్లు కొడుతుంది. పాత హార్డ్ డిస్కుల్లోని పెళ్లి ఫొటోలకు మేం పెట్టిన ట్యాగులన్నీ, అంటే ఫొటోలో ఏముందో చెప్పే మాటలన్నీ, బయటికి లాగి ఎక్సెల్ షీటు చేశానంటోంది. బంధువులేమో జావా కోర్సులో చేర్చమంటున్నారు. ఇది పనికొచ్చే విద్యేనా, కాలక్షేపమా?

జవాబు: పనికొచ్చే విద్యేనండీ. కాకపోతే ‘ట్యాగులు తీసేవారు కావలెను’ అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. అందుకే మీకు అనుమానం వచ్చింది, అది సహజం.

ఆమె వాడుతున్నది బహుశా ఎగ్జిఫ్‌టూల్ అయి ఉంటుంది. కెనడాకు చెందిన ఫిల్ హార్వే 2003లో మొదలుపెట్టి, ఇప్పటికీ ఉచితంగా అందిస్తున్న ప్రోగ్రామ్ అది. ఫలానా ఫోల్డర్‌లో, దాని లోపలి ఫోల్డర్లన్నిట్లో వెతికి, కీవర్డ్స్ (ట్యాగులకు ఇంకో పేరు) మాత్రమే చదివి, ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగా ఇమ్మని ఒకే వరుసలో చెబితే వేల ఫొటోలను తిరగేసి తెస్తుంది. ఆ వరుస కొట్టడం ఎవరైనా ఓ సాయంత్రంలో నేర్చుకుంటారు. మీ అమ్మాయి విలువ తెలిసేది ఆ జాబితా చేతికొచ్చాకే.

ఎలాగంటే, ఫొటోలో ట్యాగులు ఒకేచోట ఉండవు. పత్రికల వాళ్ల కోసం పుట్టిన పాత ఐపీటీసీ పద్ధతిలో ‘కీవర్డ్స్’ అనే గడి ఉంది. 2001లో అడోబీ తెచ్చిన ఎక్స్‌ఎంపీ అనే పద్ధతిలో అదే పనికి ‘సబ్జెక్ట్’ అనే గడి ఉంది. ఒకదాంట్లోనే చూస్తే సగం ఫొటోలు ఖాళీగా కనబడొచ్చు. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన ట్యాగులైతే, ఫైలులో సేవ్ చెయ్యమని చెప్పేదాకా దాని కేటలాగ్‌లోనే ఉండిపోతాయి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినవాటిలో ఈ సమాచారం మిగలదు.

తెలుగు ట్యాగులకు ఇంకో చిక్కుంది. ఐపీటీసీలో ఒక్కో కీవర్డ్‌కు 64 బైట్లే చోటు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు తింటాయి. ‘జీలకర్ర బెల్లం’ 40 బైట్లు, హాయిగా పడుతుంది. ‘ప్రకాశం బ్యారేజ్ మీద సూర్యాస్తమయం’ 90 దాటుతుంది, తోక తెగుతుంది. ఎక్స్‌ఎంపీకి ఆ హద్దు లేదు. తెలుగులో ట్యాగులు పెట్టే సంస్థ ఏదైనా ఈ గోడకు ఒకరోజు తల కొట్టుకోవాల్సిందే. ఇంగ్లిష్ ట్యాగులతోనే పనిచేసే మనిషికి ఈ ఇబ్బంది తట్టనే తట్టదు.

ఇక జాబితాను అక్షరక్రమంలో పేర్చి లెక్కపెట్టమంటే పెళ్లి వేరు, పెళ్ళి వేరు అంటుంది. విజయవాడ, బెజవాడ రెండూ వస్తాయి. ఇంగ్లిష్‌లో ఒకరు పెద్దక్షరంతో, ఒకరు చిన్నక్షరంతో కొట్టి ఉంటారు. వీటిలో ఏది ఉంచాలి, ఏది దేంట్లో కలపాలి అని నిర్ణయించి, ఆ నిబంధన రాసిపెట్టడమే అసలు పని. పరిశ్రమలో దీన్ని డేటా క్లీనింగ్, మెటాడేటా (ఫొటో వెంట ఉండే సమాచారం) నిర్వహణ అంటారు. పత్రికల ఫొటో లైబ్రరీలు, స్టాక్ ఫొటో సంస్థలు, ఆన్‌లైన్ అమ్మకాల కేటలాగ్‌లు, మ్యూజియంల డిజిటల్ భాండాగారాలు అన్నిటికీ ఇది కావాలి.

జావా వద్దని నేను అనను. కానీ మీ అమ్మాయికి ఇప్పుడు పట్టు చిక్కిన చోట నుంచే ముందుకు నడిపించండి. ప్రోగ్రామ్‌లు రాసే పైథాన్ భాష, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ ఈ పనికి నేరుగా అతుకుతాయి. డిగ్రీ అయ్యాక సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గితే ఐసెట్ రాసి ఎంసీఏ. సమాచారాన్ని సర్దడమే ఇష్టమైతే లైబ్రరీ సైన్స్. మనవాళ్లు ఈ రెండో దారిని పుస్తకాల అల్మరా దగ్గర కూర్చునే ఉద్యోగంగా చూస్తారు, అది చాలా అన్యాయం. వర్గీకరణ, మెటాడేటా శాస్త్రీయంగా నేర్పేది అక్కడే.

తండ్రిగా మీరు గట్టిగా చెప్పాల్సినవి రెండున్నాయి. ట్యాగులు చదవడం వరకు ఫొటోకు ప్రమాదం లేదు. ట్యాగులు దిద్దాలంటే మాత్రం ముందు వేరే డిస్కులోకి కాపీ తీసుకోమనండి. ఎగ్జిఫ్‌టూల్ మామూలుగా పాత ఫైలును ‘ఒరిజినల్’ అన్న తోకతో దాచిపెడుతుంది, చోటు కోసం ఆ సౌకర్యం ఆపెయ్యకూడదు. రెండోది, ఉద్యోగానికి చూపించే ప్రాజెక్టులో మీ కస్టమర్ల ఫొటోలు, పేర్లు ఉండకూడదు. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఇంటి లొకేషన్ కూడా ఉండొచ్చు.

దానికి బదులు ఈ సెలవుల్లో తనే మిర్చి యార్డు, ఉండవల్లి గుహలు, కొండపల్లి బొమ్మల తయారీ ఫొటోలు తీసి, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ట్యాగులు పెట్టి, పైన చెప్పిన చిక్కులన్నీ ఎలా తీర్చిందో రెండు పేజీల్లో రాయమనండి. ఆ రెండు పేజీలు, ఆ ట్యాగుల జాబితా ఫైలు పట్టుకుని విజయవాడలో పత్రికల ఫొటో విభాగాల్లో ఇంటర్న్‌షిప్ అడగవచ్చు. ఈలోగా మీ స్టూడియోలో ఏ ట్యాగు ఎలా రాయాలో తననే ఒక పట్టిక తయారుచెయ్యమని, వచ్చే ముహూర్తాల ఫొటోలకు మీ కుర్రాళ్లందరూ దాన్నే పాటించేలా చూడండి.