సర్వర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాక పాత ఎల్వీఎం డేటా తిరిగి వస్తుందా?

మీ పాలకొల్లు మేత దుకాణం సర్వర్లో లైనక్స్ మళ్ళీ వేయించాక, రైతుల బాకీలున్న రెండో డిస్కు ఖాళీగా కనబడుతోందని, అందులోని ఎల్వీఎం (లైనక్స్‌లో డిస్కు స్థలాన్ని గ్రూపులుగా, భాగాలుగా పంచే పద్ధతి) వాల్యూమ్, అంటే డేటా ఉన్న భాగం, దొరుకుతుందా అని అడిగారు. చాలావరకు దొరుకుతుందండి, టెన్షన్ పడకండి. ఆ డిస్కుని ఎవరినీ ఫార్మాట్ చేయనివ్వకండి, అంతే. మేత అప్పు మీద ఇచ్చి చెరువు పట్టుబడి అయ్యాక వసూలు చేసుకునే వ్యాపారంలో ఆ ఖాతా విలువేంటో నాకు తెలుసు.

ముందు ఎల్వీఎం డిస్కుల్ని (పీవీలు), వాల్యూమ్ గ్రూపుల్ని చూపించే పీవీఎస్, వీజీఎస్ కమాండ్లు కొట్టి చూడండి. పాత వాల్యూమ్ గ్రూప్ కనబడితే దాన్ని ఆన్ చేసే వీజీఛేంజ్ మైనస్ ఏవై ఒక్కటే సరిపోతుంది. రెడ్ హ్యాట్ 9, రాకీ 9, ఆల్మా 9 లాంటి లైనక్స్ రకాలైతే ఇంకో తిరకాసు ఉంది: డివైసెస్ ఫైల్లో (ఎల్వీఎం వాడాల్సిన డిస్కుల జాబితా) లేని డిస్కుని ఎల్వీఎం పట్టించుకోదు, డిస్కు బాగానే ఉన్నా పీవీఎస్‌లో కనబడదు. ఎల్వీఎండివైసెస్ కమాండ్‌కి యాడ్‌డెవ్ ఆప్షన్ ఇచ్చి చేర్చాలి. పాత, కొత్త గ్రూపులకి ఒకే పేరు పడితే వీజీరీనేమ్‌కి పాత గ్రూప్ యూయూఐడీ (దేనికదే వేరుగా ఉండే గుర్తింపు నంబరు) ఇచ్చి పాతదాని పేరు మార్చండి.

తణుకు వైపు ఒక రైస్ మిల్లులో నేను చూసింది ఇంతకంటే ముదిరిన కేసు. సర్వీసుకొచ్చిన కుర్రాడు దాళ్వా కొనుగోళ్ళ లెక్కలున్న డిస్కు మీద కొత్త జీపీటీ పార్టిషన్ టేబుల్ (డిస్కు ఏయే భాగాలుగా ఉందో చెప్పే పట్టిక) రాసి వెళ్ళిపోయాడు. జీపీటీ హెడర్ కూర్చునేది సెక్టార్ 1లో, ఇది ఎల్వీఎం డిస్కని చెప్పే లేబుల్ ఉండేదీ మామూలుగా అక్కడే, అందుకే పీవీ మాయమైపోయింది. కానీ టేబుల్ డిస్కు మొదట్లో 34 సెక్టార్లనే తినేస్తుంది, డేటా మొదలయ్యేది మాత్రం సాధారణంగా 1 ఎంబీ దాటాక. ఆ మధ్యలో ఎల్వీఎం తన లెక్క (ఏ వాల్యూమ్ ఎక్కడుందో) మామూలు టెక్స్ట్‌గానే రాసుకుంటుంది, మార్పు జరిగిన ప్రతిసారీ పాత కాపీ పక్కన కొత్తది పెడుతూ పోతుంది. డీడీతో మొదటి 1 ఎంబీ తీసి స్ట్రింగ్స్‌తో చదివితే గ్రూప్ పేరు, ఒక్కో వాల్యూమ్ ఏ ఎక్స్‌టెంట్ (ఎల్వీఎం డిస్కుని విడగొట్టే ముక్క) నుంచి మొదలైందో, అన్నీ స్క్రీన్ మీద వరసగా కనబడ్డాయి. మార్పు జరిగిన ప్రతిసారీ పెరిగే సీక్‌నో నంబరు అన్నిటికంటే పెద్దగా ఉన్న పూర్తి కాపీని ఫైల్లో పెట్టి, అందులోని పాత పీవీ యూయూఐడీతో, రిస్టోర్‌ఫైల్ ఆప్షన్‌తో పీవీక్రియేట్ కొట్టి పోయిన లేబుల్ మళ్ళీ రాసి, ఆ తర్వాత వీజీసీఎఫ్‌జీరిస్టోర్‌తో గ్రూప్‌ని తిరిగి తెచ్చాం. ఎల్వీఎం ఈ లెక్క కాపీని దాచుకునే పాత ఈటీసీ ఎల్వీఎం బ్యాకప్ ఫోల్డర్ కాపీ మీ దగ్గరుంటే ఈ వెతుకులాటే అక్కర్లేదు.

ఇదంతా అసలు డిస్కు మీద మాత్రం వద్దండి, ముందు డీడీరెస్క్యూతో వేరే డిస్కులోకి ఇమేజ్ (అచ్చు నకలు) తీసుకుని దాని మీదే చేయండి. వాల్యూమ్ లేచాక రీడ్ ఓన్లీగా మౌంట్ చేయండి, డిస్కు మీద ఏమీ రాయకుండా, ఫైల్‌సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్ అయితే నోరికవరీ, ఈఎక్స్‌టీ4 అయితే నోలోడ్ ఆప్షన్ కలపండి. మీ డిస్కు ఎస్ఎస్‌డీ అయి, ఇన్‌స్టాలర్ దాని మీద ఫైల్‌సిస్టమ్ కూడా వేసేసి ఉంటే మాత్రం కష్టం, ఫైల్‌సిస్టమ్ వేసే ఎంకేఎఫ్ఎస్ పాత బ్లాకుల్ని డిస్కార్డ్ చేసేస్తుంది, అంటే ఇక అక్కర్లేదని ఎస్ఎస్‌డీకి చెప్పేస్తుంది. అది జరిగిందో లేదో ముందు తేల్చుకోండి, డిస్కుల మీద ఏ ఫైల్‌సిస్టమ్ ఉందో చూపించే ఎల్ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్ కమాండ్ ఔట్‌పుట్ పెడితే నేనూ చూస్తాను.