మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్‌ను ఇంట్లో ఉన్న ఎర్రమూత సిరంజితో తీయొచ్చా?

వద్దండి, ప్రాణం మీదకొస్తుంది. ఎర్రమూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకే. 100 సీసాకు నారింజమూతది కొనండి. ఎర్రమూత సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది అర మిల్లీలీటరు. 40 సీసాలోంచైతే అది 20 యూనిట్లే, 100 సీసాలోంచైతే 50! రెండున్నర రెట్లు.

పొరపాటున అలా ఎక్కువ మందు పడితే షుగర్ బాగా తగ్గిపోయి చెమటలు, వణుకు, తికమక, ఆపై స్పృహ తప్పడం. మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు షుగర్ చూడండి. 70 లోపుంటే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, మందు గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. కోనసీమ లంకల్లోనైతే రేవు దాటాలి కాబట్టి లక్షణాల కోసం ఆగకుండా బయల్దేరండి, పంచదార వెంట ఉంచుకోండి.