వద్దన్నవాళ్ల మాట కూడా రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. క్రిస్మస్‌ని ప్యూరిటన్లు (బైబిల్లో లేని ఆచారాలు చర్చిలో ఉండకూడదన్న పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లిష్ ప్రొటెస్టెంట్లు) ఎందుకు వద్దన్నారన్నది మంచి విషయం, కానీ వాళ్లని సంతోషమంటే గిట్టని మనుషులుగా తేల్చేశావు, అది చదివి నిజంగా బాధేసింది.

ముందు వాళ్ల వాదన వాళ్ల వైపు నుంచి చెప్పు. యేసు ఏ రోజు పుట్టాడో బైబిల్లో లేదు, ఆ రోజున పండగ చేసుకోమనీ లేదు. దేవుడు పెట్టింది వారానికో విశ్రాంతి దినం, దానిపైన మనుషులు కల్పించుకున్న రోజుల్ని పవిత్రం అనకూడదని వాళ్ల గట్టి నమ్మకం. డిసెంబర్ 25 రోమన్ల శాటర్నేలియా పండగ నుంచి వచ్చిందని బోస్టన్ పాస్టర్ ఇంక్రీజ్ మాథర్ 1687లో రాశాడు. పైగా అప్పటి క్రిస్మస్‌లో తాగుడు, జూదం, ఇంటింటికీ గుంపుగా వెళ్లి తిండీ మందూ ఇమ్మని అడగడం మామూలే. ఇది రాయకపోతే వాళ్ల కోపం ఎవరికీ అర్థం కాదు.

'క్రామ్‌వెల్ నిషేధించాడు' అన్న వాక్యం తీసెయ్. 1647లో పండగని రద్దు చేసింది ఇంగ్లండ్ పార్లమెంట్, ప్యూరిటన్ సేనాని క్రామ్‌వెల్ లార్డ్ ప్రొటెక్టర్‌గా దేశాధినేత అయ్యింది 1653లో. ఆ 1647 క్రిస్మస్ రోజునే కాంటర్‌బరీలో దుకాణాలు తెరవమని మేయర్ ఆర్డర్ వేస్తే జనం తిరగబడ్డారు, తెరిచిన కొట్ల మీద పడ్డారు. అమెరికాలోని ప్యూరిటన్ల కాలనీ మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా పండగ పేరుతో పని మానేసినా ఐదు షిల్లింగుల జరిమానా.

నీ వ్యాసంలో అసలు లేనిది 1621 నాటి ప్లిమత్, అమెరికాలో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు పెట్టుకున్న మరో కాలనీ. క్రిస్మస్ నాడు పనిచేయడానికి మా మనస్సాక్షి ఒప్పదని కొత్తగా వచ్చినవాళ్లు అంటే, గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ సరేనని వదిలేసి మిగతావాళ్లతో పనికి వెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే వాళ్లు వీధిలో ఆటల్లో ఉన్నారు. ఆట సామాను లాక్కుని, మిగతావాళ్లు పనిచేస్తుంటే మీరు ఆడుకోవడానికి నా మనస్సాక్షి ఒప్పదన్నాడు, భక్తి అయితే ఇళ్లలో ఉండి చేసుకోండన్నాడు. ఇదంతా ఆయనే రాసిపెట్టాడు. చూడు, ఇద్దరూ మనస్సాక్షి పేరే ఎత్తారు! దీంతో మొదలుపెట్టు, చలి గాలీ మబ్బులూ నీ ఊహలోంచి కలపకు, ఆయన చెప్పినంతే చెప్పి, మళ్లీ రాసి పంపు.

ప్రేమతో,
అన్నయ్య