చిన్న మాటే కదా అనుకోకు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. అనువాదాల పని దొరికిందన్నావు, సంతోషం. పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలు వస్తే ఎలాగని బెంగపడ్డావు. వాటితో చిక్కేమీ లేదు. తెలియవని తెలుస్తూనే ఉంటుంది కనుక నిఘంటువు తీస్తాం. మూడక్షరాల మాటల దగ్గరే కొంప మునుగుతుంది.

నా సంగతే విను. కొత్తలో ఒక లీజు దస్తావేజు తెలుగు చేస్తూ, 'లెట్ లేకుండా' అనే అర్థం వచ్చేచోట 'లెట్' కనబడగానే 'అనుమతి' అని రాసేశాను. అద్దెదారు ఎవరి అనుమతీ లేకుండా ఇల్లు అనుభవించవచ్చని తేలింది! ప్లీడరుగారు నవ్వినా బాగుండేది, కళ్లజోడు తీసి నావంక చూశారు. నీ పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఉండే అభ్యర్థన తీసి చదువు. 'హిండ్రన్స్' పక్కన ఇదే 'లెట్' ఉంటుంది. అక్కడ దాని అర్థం అడ్డంకి. పాత ఇంగ్లిష్‌లో వదలడానికి ఒక క్రియ, ఆపడానికి మరో క్రియ ఉండేవి. అరిగి అరిగి రెండూ ఒకే రూపానికి వచ్చాయి. షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్ దయ్యం వెంట పోబోతుంటే స్నేహితులు పట్టుకుంటారు. తనను 'లెట్' చేసినవాణ్ణే దయ్యాన్ని చేస్తానంటాడు. వదిలినవాణ్ణి ఎవరైనా చంపుతారా?

అందుకే చిన్న మాట కనబడితే ముందు దాని ఇరుగుపొరుగును చూడు. 'రన్' అనే క్రియకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువారు తేల్చిన అర్థాలు 645. బెదిరిపోకు, మన 'ఆడు' మాత్రం తక్కువదా? ఊపిరి ఆడుతుంది, గానుగ ఆడుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. ఇంగ్లిష్‌లో ఆ సినిమా 'రన్' అవుతుంది. ముక్కు 'రన్' అయితే మనకు కారుతుంది. అన్నిటికన్నా తమాషా, అమెరికా ఎన్నికల్లో 'రన్' చేసేవాడు తెలుగులో నిలబడతాడు.

పుట్టుపూర్వోత్తరాల జోలికి వెళితే మరింత జాగ్రత్త. దర్జా అని అర్థం వచ్చే 'పాష్' గురించి ఒక కథ ఉంది. ఇండియాకు వచ్చే ఓడల్లో దొరలు వచ్చేటప్పుడు ఎడమవైపు, తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు, ఎండ తగలని గదులు తీసుకునేవారట. 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' అనే ఆ ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలే 'పాష్' అట. నేనూ ఎన్నో ఏళ్లు ఎంతోమందికి చెప్పాను. ఆ అక్షరాల ముద్ర ఉన్న టికెట్టు ఒక్కటీ దొరకలేదు. మరోవైపు 'ఓకే' నిజంగానే పొడి అక్షరాలు. 'ఆల్ కరెక్ట్' అనే మాటలను కావాలనే తప్పుగా రాసి, వాటిని కుదించి, 1839 మార్చి 23న ఒక బోస్టన్ పత్రికలో హాస్యానికి వేశారు. కథ నమ్మేలా ఉందా లేదా అని చూడకు, తేదీ వేసిన కాగితం ఉందా అని అడుగు. 'డాగ్' ఎక్కడిదో పండితులే తేల్చలేదు. ఇంగ్లిష్‌వారికి కుక్కంటే మొదట 'హౌండే', మధ్యలో ఇది వచ్చి దాని చోటు ఆక్రమించింది. ఇలాంటివాటి పక్కన 'మూలం తెలియదు' అని రాయడానికి సిగ్గుపడకు.

నువ్వు పంపిన కథ రెండో పేజీ మళ్లీ చూడు. జాలరి ఒడ్డుకు వచ్చి పడవను 'ఫాస్ట్' చేశాడన్నచోట 'వేగం పెంచాడు' అని రాశావు. గుంజకు కట్టేశాడమ్మా. దిద్ది, ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న