ఏవి లేవాలో మీరే చెప్పండి

హనుమకొండ

బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఆన్ చేసిన చాలాసేపటి దాకా మీ ఇంటి కంప్యూటర్ పనికి రావడం లేదని, ఒక దుకాణంలో చూపిస్తే ఫార్మాట్ చేయాలన్నారని అమ్మ ఫోనులో చెప్పింది. అప్పుడే ఆ పని చేయించవద్దు. అల్లుడి టెండర్ల కాగితాలు, మీ మహిళా సంఘం తీర్మానాలు, పాప ఎప్‌సెట్ నోట్సు అన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని చెరిపేసుకోవాల్సినంత జబ్బు దానికి ఉందని నేననుకోను. బతుకమ్మ పండుగకు భూపాలపల్లి వచ్చినప్పుడు చూశాను, గడియారం పక్కన ఐకాన్లు బారులు తీరి ఉన్నాయి. మీరు ఎప్పుడెప్పుడో వేసుకున్న ప్రోగ్రాముల్లో చాలా వరకు, మీకు పనున్నా లేకున్నా, ఆన్ కాగానే వాటంతట అవే లేస్తున్నాయి. ఏవి లేవాలో, ఏవి పిలిచేదాకా ఆగాలో చెప్పాల్సింది ఇంటివాళ్లు.

తెర అడుగున టాస్క్‌బార్ మీద కనిపించేవన్నీ ఒక్క రకం కావు, ముందు ఇది తెలుసుకో. మధ్యలో వరుసగా ఉన్నవి నువ్వు నొక్కినప్పుడు తెరుచుకోవడానికి పిన్ చేసి పెట్టుకున్నవి. తెరవనంత వరకు వాటి వల్ల బరువేమీ లేదు. కుడి చివర గడియారం దగ్గర ఉన్నవి చాలా వరకు అప్పటికే వెనుక నడుస్తున్న ప్రోగ్రాములవి. ఆన్ కాగానే మొదలయ్యేవాటి జాబితా వేరే ఉంది, అది టాస్క్‌బార్ మీద కనిపించదు. మధ్య వరుసలోని ఐకాన్లు తీసేసి కంప్యూటర్ తేలికైందనుకునేవాళ్లను ఎందరినో చూశాను. గడియారం దగ్గరి ఐకాన్‌ను దాచేసినా అంతే, ప్రోగ్రాము కంటికి కనబడకుండా నడుస్తూనే ఉంటుంది. మార్పు జరగాల్సింది కనిపించని జాబితాలో.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మీది విండోస్ 11 కాబట్టి ఎడమ పక్కన ‘స్టార్టప్ యాప్స్’ అని ఉంటుంది. అందులో ప్రతి ప్రోగ్రాము పేరు, తయారుచేసిన కంపెనీ పేరు, అది ఎనేబుల్ అయి ఉందో డిసేబుల్ అయి ఉందో, మొదలయ్యేటప్పుడు ఎంత భారం వేస్తోందో కనిపిస్తాయి. ఏదీ ముట్టుకోకముందు ఆ జాబితాను ఫోనుతో ఫొటో తీసి పెట్టుకో. భారం దగ్గర ‘హై’ అని ఉంటే, అది మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్‌ను ఒక సెకనుకు మించి వాడుకుంటోందనో, డిస్కుతో 3 ఎంబీకి మించి పని చేయిస్తోందనో అర్థం. ఒక్కటే అయితే ఫరవాలేదు. మీ కంప్యూటర్‌లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్, దాని లోపల చదివే ముల్లు అటూ ఇటూ కదులుతూ సమాచారం తేవాలి. ఆఫీసులో ఉన్న ఒక్క అటెండర్‌ను పది మంది గుమాస్తాలు ఒకేసారి పది ఫైళ్లు తెమ్మంటే ఎలా ఉంటుందో, ఆన్ అయిన మొదటి నిమిషాల్లో దాని పరిస్థితి అలా ఉంటుంది.

ఇక ఏవి ఆపాలి? ప్రతి పేరు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకో: నేను తెరవకముందే ఇది నడుస్తూ ఉండాల్సిన అవసరం ఉందా? పాప క్లాసుల యాప్, వీడియో సమావేశాల యాప్, ఆటల యాప్, పాటల యాప్ క్లాసు ఉన్నప్పుడో తీరిక ఉన్నప్పుడో తెరుచుకుంటే చాలు. పేరు మీద మౌస్ కుడి మీటతో నొక్కి డిసేబుల్ అను. ఇందులో భయపడేదేమీ లేదు, ప్రోగ్రాము ఎక్కడికీ పోదు, తనంతట తాను లేవడం మాత్రమే మానుతుంది. కావాలంటే అక్కడే మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు. ప్రింటర్‌తో వచ్చిన అదనపు ప్రోగ్రాము ఆపినా సాధారణంగా ప్రింట్లు వస్తూనే ఉంటాయి, స్కానింగ్‌లో ఏదైనా తేడా కనిపిస్తే తిరిగి పెట్టుకో.

ఆపకూడనివి కూడా గట్టిగా చెబుతున్నాను, అల్లుడికీ చెప్పు. విండోస్ సెక్యూరిటీ జోలికి పోవద్దు. ధ్వనికి సంబంధించినవాటిని కదపవద్దు. టెండర్లు వేయడానికి అల్లుడు గుచ్చే, పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం టోకెన్‌కు ఒక ప్రోగ్రాము ఉంటుంది, అది కూడా ఈ జాబితాలో కనిపించవచ్చు. గడువు చివరి గంటలో టోకెన్ గుర్తుపట్టకపోతే ఆ నష్టం ముందు మీరు మిగుల్చుకునే అరనిమిషం లెక్కలోకి రాదు. అది ఎలా ఉందో అలాగే ఉండనీ. ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచిపెట్టే వన్‌డ్రైవ్ సంగతి మీ వాడకాన్ని బట్టి ఉంటుంది. ఫొటోలు, కాగితాలు దానిలోకి నకలు వెళ్తుంటే ఉంచండి. ఎవరూ వాడకపోతే ఆపేయండి, కానీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు దానికి ముడిపడి ఉన్నాయేమో చూశాకే. పేరు చూసి ఏమిటో తెలియనిదాన్ని ఊహతో ఆపవద్దు, నాకు ఫొటో పంపు.

రోజుకు రెండు మూడింటికి మించి మార్చకు. ఏదైనా తేడా వస్తే దేని వల్ల వచ్చిందో అప్పుడే తెలుస్తుంది. మార్చాక షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చేసి చూడు. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కులో దాచుకుని మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. పూర్తిగా మొదటి నుంచి మొదలయ్యేది రీస్టార్ట్‌తోనే.

గడియారం పక్కన గజిబిజి తగ్గించడం తేలిక. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అందులో సిస్టమ్ ట్రే ఐకాన్ల భాగం తెరిస్తే ఒక్కోదాన్ని చూపాలో దాచాలో ఎంచుకోవచ్చు. దాచినవి చిన్న బాణం గుర్తు వెనక్కి చేరతాయి. భద్రతా ఐకాన్ మాత్రం బయటే కనబడేలా ఉంచు, ప్రమాదం చెప్పే గుర్తు దాగి ఉండకూడదు. భాష మార్చే గుర్తు కూడా అక్కడే ఉండాలి, తీర్మానాలు తెలుగులో రాసేది నువ్వే కదా. విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కినా భాష మారుతుంది. పెన్‌డ్రైవ్‌ను భద్రంగా తీసే గుర్తు బాణం వెనుక ఉన్నా సరే, దాన్ని నొక్కకుండా పెన్‌డ్రైవ్ లాగేయవద్దని పాపకు చెప్పు.

మధ్య వరుసలో రోజూ వాడే నాలుగైదు చాలు. ఎక్కువ వాడేదాన్ని మొదట పెట్టుకుంటే విండోస్ మీటతో ఒకటి అంకె నొక్కగానే తెరుచుకుంటుంది, రెండోదానికి రెండు. అక్కరలేనిదాన్ని కుడి మీటతో నొక్కి అన్‌పిన్ చెయ్యి.

ఒక్క క్లిక్కుతో వేగం పెంచుతామని ఊరించే ప్రోగ్రాములను ఎంతమాత్రం వేసుకోవద్దు. వాటిలో చాలా వరకు వాటంతట అవే స్టార్టప్ జాబితాలో చేరిపోయి, భయపెట్టే హెచ్చరికలు చూపి డబ్బు అడుగుతాయి. నువ్వు చేయాల్సిన పనంతా విండోస్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు. కొత్త ప్రోగ్రాము వేసినప్పుడల్లా మాత్రం ఆ జాబితా ఒకసారి తెరిచి చూడాలి.

ఇవన్నీ చేశాక కూడా నెమ్మదిగా ఉంటే అప్పుడు హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ అనే మరో రకం డిస్కు వేయించండి. దానిలో తిరిగే భాగాలుండవు కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. ఉన్నదంతా ఉన్నట్టు కొత్తదానిలోకి నకలు తీసి ఇమ్మని దుకాణంలో ముందే అడగాలి. దానికి ముందు అల్లుడి కాగితాలు, మీ తీర్మానాలు బయటి డిస్కులో ఒక ప్రతి తీసుకోండి. వరంగల్‌లోనే చేయించాలనుకుంటే చెప్పు, దగ్గరుండి చేయిస్తాను.

నీ పెద్దమ్మ