యూరోబీట్ కొత్తగా వింటున్నారా? నాలుగో పాటతో మొదలుపెట్టండి

"యూరోబీట్ వినాలంటే ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? సింగిల్స్, అంటే విడిగా విడుదలైన పాటలు, అవి మాత్రమే వింటే సరిపోదా?" అని ఒకరు అడిగారు (యూరోబీట్ అంటే సింథసైజర్లతో చేసే డ్యాన్స్ పాప్ సంగీతం). సరిపోదు. బ్రిటిష్ బ్యాండ్ డెడ్ ఆర్ అలైవ్ వాళ్ళ 'యూత్‌క్వేక్' (1985) మొత్తం వినండి, తొమ్మిది పాటలే.

"అది అసలు యూరోబీటే కాదు" అంటూ ఎవరో ఒకరు కొట్లాటకి వస్తారు. వీళ్ళంతా కార్ల రేసుల యానిమే (జపాన్ కార్టూన్ సిరీస్) చూసి వచ్చిన బ్యాచ్. ఇటలీలో తయారై జపాన్‌లో అమ్ముడుపోయిన స్పీడు పాటలే యూరోబీట్ అని వీళ్ళ లెక్క. కానీ ఆ పేరుని 80ల్లోనే బ్రిటన్‌లో స్టాక్, ఐట్కెన్, వాటర్‌మన్ అనే ప్రొడ్యూసర్ల త్రయం పాటలకి వాడారు. ఈ ఆల్బమ్ ప్రొడ్యూస్ చేసింది ఆ ముగ్గురే.

నాకీ పిచ్చి జపాన్‌లోని నగోయాలో పట్టుకుంది. ఆఫీసు పనిమీద అక్కడ ఉన్నప్పుడు డిసెంబర్ పార్టీ అయ్యాక అందరం కరోకేకి వెళ్ళాం. నేను శాకాహారిని కాబట్టి చిప్స్ ప్లేటుకి కాపలా. మా టీమ్ లీడర్‌కి యాభై దాటాయి, మీటింగుల్లో "హై" (జపనీస్‌లో 'అవును') తప్ప ఇంకో మాట వినపడదు. ఆయన లేచి 'యూత్‌క్వేక్'లోని మొదటి పాట 'యూ స్పిన్ మీ రౌండ్' పెట్టించాడు. టై కూడా వదులు చేయలేదు. కాళ్ళు కుడికి రెండడుగులు, ఎడమకి రెండడుగులు, అంతే. చేతులు మాత్రం బీటుకొకటి చొప్పున గాల్లో ముద్రలు వేస్తున్నాయి. పాట అయ్యాక చెమట తుడుచుకుని, కాలేజీ రోజుల్లో డిస్కోల్లో నేర్చుకున్నానని చెప్పాడు. జేబులోంచి చాప్‌స్టిక్స్ కాగితపు కవరు తీసి దాని మీద ఏదో రాసిచ్చాడు. నాకు కతకనా (జపనీస్ లిపి) కూడబలుక్కుని చదవడమే వచ్చు. యూ... సు... కు... ఎ... యి... కు. అంటే 'యూత్‌క్వేక్'. పక్కన 4 అని అంకె. నాలుగో పాటే ఎందుకని అడిగితే, "మొదటిది అందరికీ తెలుసుగా" అన్నాడు.

ఆదివారం సెకండ్ హ్యాండ్ సీడీ వెతికి కొన్నాను. నాలుగోది 'ఇన్ టూ డీప్'. మొదటి పాటలో బ్యాండ్ గాయకుడు పీట్ బర్న్స్ గొంతు ఆజ్ఞలు వేస్తుంది, ఇందులో బతిమాలుతుంది.

సింగిల్స్ సంగతి చూడండి. 'యూ స్పిన్ మీ రౌండ్' 1984 నవంబర్‌లో వచ్చి, పాక్కుంటూ పాక్కుంటూ 1985 మార్చిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఆ ప్రొడ్యూసర్లకీ అదే మొదటి నంబర్ వన్. తర్వాత 'లవర్ కమ్ బ్యాక్ టు మీ' 11 దగ్గర ఆగింది, 'ఇన్ టూ డీప్' 14, 'మై హార్ట్ గోస్ బ్యాంగ్' 23. చార్టు చూస్తే ఒక్కోటీ ముందుదానికంటే తక్కువ పాట అనిపిస్తుంది. శుద్ధ తప్పు. నంబర్ వన్ ఎప్పుడూ ఆల్బమ్‌లో బెస్ట్ పాట కాదు, ఎవరైనా కాదంటే నాతో వాదించండి.

ఒక్క పాట కోసం సినిమా క్యాసెట్ కొంటే, బి సైడులో ఇంకోటి దొరికి రీలు నలిగేదాకా దాన్నే వినేవాళ్ళం కదా! ఇప్పుడు పదిహేను సెకన్ల రీల్స్, అదీ స్పీడు పెంచి. మొన్న మా కజిన్ సంగీత్‌లో డీజేని 'ఇన్ టూ డీప్' అడిగితే, "అన్నా, దానికి ఎవరూ డ్యాన్స్ చేయరు" అన్నాడు. నగోయా నుంచి ఒకాయన్ని పిలిపించి చూపించాలి వాడికి.