వకీలమ్మ జవాబులు: మెమోలో పదహారు, ఆధార్‌లో పంతొమ్మిది

ప్రశ్న: వకీలమ్మ గారికి నమస్కారం. మావాడికి మొన్న ఆగస్టుకి పదహారు నిండాయి. టెన్త్ పాసై బండ్ల షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. కొన్నాళ్ల కిందట బస్టాండులో ఎవరిదో సెల్‌ఫోన్ పోయింది. అప్పుడు అక్కడున్న నలుగురు కుర్రాళ్లలో వీడూ ఉన్నాడు. పోలీసులు తీసుకెళ్లి రెండు రాత్రులు స్టేషన్లోనే ఉంచి కొట్టారు. తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని, కేసేం లేదు పొమ్మన్నారు. అప్పట్నుంచి ఊళ్లో ఏ ఫోన్ పోయినా ముందు మా గుమ్మంలోకే వస్తున్నారు. చిన్నపిల్లాడండీ అంటే, ‘ఆధార్‌లో పంతొమ్మిదుంది, ఈసారి జైలే’ అంటున్నారు. టెన్త్ మెమోలో 2009 ఆగస్టు, ఆధార్‌లో 2006 జనవరి 1 ఉన్నాయి. మా వీధి పెద్దాయన ఇరవై వేలిస్తే పేరు తీయించేస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక తల్లి

జవాబు: ఇవ్వొద్దమ్మా. కేసే లేదన్నాక ఏ కాగితంలోంచి పేరు తీయిస్తాడో ఆ పెద్దాయన్నే అడగండి.

మీరు బాబు పేరు, ఊరు, చదివిన బడి అన్నీ రాశారు. అవన్నీ నేనే కొట్టేశాను. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి విషయాల్లో పిల్లల్ని గుర్తుపట్టే వివరం ఏదీ పత్రిక వేయకూడదు. వేస్తే ఆరునెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మన వాట్సాప్ గ్రూపుల్లో పిల్లల ఫొటోలు తిప్పే పెద్దమనుషులకి ఈ సంగతి ఎవరు చెబుతారో!

ఇక వయసు మాట. మీ కష్టంలో సగం ఆ జనవరి 1తోనే వచ్చింది. తేదీ సరిగ్గా చెప్పలేనివాళ్లకి ఆధార్‌లో అలా జనవరి ఒకటి పడిపోయిన ఇళ్లు ఎన్నో. కానీ పిల్లాడా పెద్దవాడా అని తేల్చడానికి చట్టం ఆధార్‌ని అడగదు. 94వ సెక్షన్ వరస చెప్పింది: ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్, లేదా టెన్త్ సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీ దగ్గర మెమో ఉంది, అదే చాలు. జిరాక్సులు తీయించి ఇంట్లో ఒకటి, షెడ్డు యజమాని దగ్గర ఒకటి ఉంచండి. అసలు మాత్రం ఏ స్టేషన్లోనూ వదిలిరావద్దు. వీలు చూసుకుని ఆధార్‌నీ సరిచేయించండి.

మీవాడు ఫోన్ తీశాడో లేదో మీరు రాయలేదు, నేనూ అడగను. తీసినా సరే, జరిగింది తప్పే. పద్దెనిమిది నిండని వాణ్ని లాకప్‌లోనో జైల్లోనో పెట్టడానికి లేదు. పట్టుకుంటే ప్రయాణం పోను 24 గంటల్లో, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి తేవాలి. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. ఇంకో మాట. మామూలు దొంగతనానికి శిక్ష మూడేళ్లకు మించదు. పెద్దవాళ్లతో కలిసి చేస్తే తప్ప, అలాంటి నేరానికి పిల్లలమీద ఎఫ్.ఐ.ఆర్. కూడా వేయకూడదనీ, డైరీలో రాసుకుని, ఇంటి పరిస్థితుల రిపోర్టుతో బోర్డుకి పంపాలనీ 2016 నమూనా నిబంధనలు చెబుతున్నాయి. బేడీలు వేయకూడదు. ఏ వాంగ్మూలం మీదా సంతకం అడగకూడదు. మరి తెల్లకాగితం మీద చేయించుకున్న సంతకాన్ని ఏమనాలి?

పోలీసులు యూనిఫాంలో రాకూడదని కూడా అందులోనే ఉంది. బోర్డుకి పిల్లల్ని తెచ్చే కానిస్టేబుళ్లు చాలామంది పాటిస్తారు కూడా, గళ్ల చొక్కా వేసుకునే వస్తారు. కాళ్లకి మాత్రం ఆ ఎర్రబూట్లే! పిల్లల చూపంతా ఆ బూట్లమీదే ఉంటుంది.

మీరు చేయాల్సింది చెబుతాను. జరిగినదంతా, ఏ రోజు తీసుకెళ్లారో, ఏ రోజు వదిలారో, దెబ్బలు ఎక్కడ తగిలాయో, తెలుగులోనే రాసి మీ జిల్లా బోర్డుకి ఇవ్వండి. ఆస్పత్రి చీటీ ఉంటే జతచేయండి. పిల్లాడిమీద నేరం జరిగిందని ఫిర్యాదొస్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టమని పోలీసుల్ని ఆదేశించే అధికారం 8వ సెక్షన్‌లో బోర్డుకే ఉంది. ఒక కాపీ ఎస్పీ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపండి. ఒంటరిగా వెళ్లడం భయమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వకీలుని అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ఇస్తారు. మీ ఇరవై వేలు మీ దగ్గరే ఉంటాయి.

మళ్లీ గుమ్మంలోకొస్తే మెమో జిరాక్సు చూపించి, ‘మీ స్టేషన్లో చైల్డ్ వెల్ఫేర్ పోలీస్ ఆఫీసర్ ఎవరండీ’ అని మర్యాదగా అడగండి. పిల్లల కేసులు చూడ్డానికి ప్రతి స్టేషన్లోనూ అలాంటివారు ఒకరు ఉండాలి. ఆ ఒక్క ప్రశ్నకే గొంతు తగ్గడం నేను చాలాసార్లు చూశాను. ఒకవేళ బోర్డుకే తీసుకెళ్తే, అక్కడ బెయిలే మామూలు పద్ధతి, జామీను లేకుండా కూడా ఇవ్వొచ్చు. కాదంటే ఎందుకో బోర్డు కారణం రాయాలి. కారణం రాయకుండా ఏడాదికి పైగా లోపలుంచిన రాజస్థాన్ కుర్రాడికి 2024లో సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. ఇలాంటి చిన్న నేరమైతే నాలుగు నెలల్లో, పొడిగిస్తే ఇంకో రెండు నెలల్లో విచారణ ముగించాలి. ముగియకపోతే ఆ కేసు అంతటితో సరి.

ప్రశ్న: పదిహేనేళ్లప్పుడు జాతరలో కొట్లాట జరిగితే నా పేరూ రాశారు. బోర్డులో మందలించి వదిలేశారు. ఇప్పుడు కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాను. ఫారంలో ‘ఎప్పుడైనా కేసు ఉందా’ అని గడి ఉంది. ఏం రాయాలి?
– ఒక నిరుద్యోగి

జవాబు: మీ ఉద్యోగానికి ఆ కేసు అడ్డు కాదు. బోర్డు తేల్చిన కేసువల్ల ఏ అనర్హతా రాదని జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం ముగిసిన ఆ కేసు వివరాలు పోలీసులు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ చెబుతోంది. చిన్నప్పటి కేసు చూపించి సి.ఐ.ఎస్.ఎఫ్. (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) ఉద్యోగం ఆపబోతే 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అయినా గడిలో అబద్ధం రాశాడన్న మాట పడకండి. నేనైతే ‘మైనరుగా ఉన్నప్పుడు బోర్డులో ముగిసింది, 24వ సెక్షన్ వర్తిస్తుంది’ అని ఒక్క వాక్యం రాయించి, ఆర్డర్ కాపీ జతచేయిస్తాను. కాపీ లేకపోతే ఫారం ఇచ్చేలోపే బోర్డుకి దరఖాస్తు పెట్టుకోండి.